బడి రిజిస్టరులో మాతృభాష గడి

మా ఇంటి కథల్లో ఇప్పటిదాకా అవ్వ వంటలు, నాయన వెల్డింగు పని, ఆలూరు పక్కన మా పాత ఊరు గురించి రాశాను. ఈసారి బడి గురించి. చదివే ముందు ఒక మాట. నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు రాయడం బాగా ఆలస్యంగా పట్టుబడింది. ఎక్కడైనా ఒత్తు తప్పినా, వాక్యం కన్నడం లాగ వినిపించినా, చదువుకున్న అత్తలూ బాబాయిలూ సర్దుకోండి.

పోయిన ఏడాది మా తమ్ముడు ఒక సర్కారు ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాడు. రాయచూరు, కలబుర్గి వంటి జిల్లాల వాళ్ళకు రాజ్యాంగంలో 371(జె) అని ఒక ఏర్పాటు ఉంది కదా, 2012లో సవరణ చేసి తెచ్చినది. ఆ సర్టిఫికెట్ కావాలంటే ఇక్కడే ఉన్నామని చూపించే కాగితాల్లో బడి స్టడీ సర్టిఫికెట్ ఒకటి. వాడికి సెలవు దొరకలేదు. నేను బెంగళూరు నుంచి వచ్చి ఉన్నాను కాబట్టి దేవసూగూరులో మేమిద్దరం చదివిన క్రిస్టియన్ హైస్కూలుకు నేనే పోయాను.

ఆఫీసులో పెద్దాయన అడ్మిషన్ రిజిస్టరు తీశాడు. వాడి సంవత్సరం వెతుకుతూ నా సంవత్సరం మీదుగా పోయాడు. "ఇదిగోమ్మా, నీదీ ఉంది" అని కన్నడంలో అని వేలు పెట్టాడు. 2000 జూన్, ఎనిమిదో తరగతి. నా పేరు, నాయన పేరు, పుట్టిన తేదీ. మాతృభాష గడిలో: కన్నడ.

కింది వరస నా పక్క బెంచీ స్నేహితురాలిది. వాళ్ళ నాయన పేరు, పని: కూలి. మాతృభాష గడిలో: తెలుగు.

టీసీ మీద కూడా ఇదే రాసి ఉంటుంది. కానీ పదహారేళ్ళప్పుడు టీసీ ఎవరు చదువుతారు? తీసుకుపోయి కాలేజీలో ఇచ్చేశాం, అంతే. ఇన్నేళ్ళు నేను అందరితో "మేం తెలుగువాళ్ళం, అక్కడ స్థిరపడ్డాం" అని చెప్పుకుంటూ తిరిగాను. రిజిస్టరులో మాత్రం కాదు.

ఈ ఊరు తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. దేవసూగూరు రాయచూరు నుంచి హైదరాబాదు పోయే దారిలో కృష్ణ ఒడ్డున ఉంటుంది. నది దాటితే తెలంగాణ, పాత లెక్కలో పాలమూరు జిల్లా. నది మీద రాతి కమాన్ల వంతెన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోది, 1943లో పూర్తయింది. వంతెన కట్టినప్పుడు రెండు ఒడ్లూ ఒకే రాజ్యం. హైదరాబాదు సంస్థానంలో ఇటు కన్నడం, అటు తెలుగు, పై తరగతులకు పోతే ఇద్దరికీ ఉర్దూ. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా కలిపినప్పుడు రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. అందులో ఉండిన గద్వాల, ఆలంపురం తాలూకాలు మాత్రం తెలుగు పక్కకు పోయి మహబూబ్‌నగర్‌లో కలిసినాయి. అంటే వంతెన మధ్యలో గీత పడింది. ఊళ్ళో గుడి సూగూరేశ్వరుడిది. చుట్టుపక్కల పల్లెల్లో సూగప్ప, సూగమ్మ, సూగూరయ్య అనే పేర్లు ఎన్నో. మా క్రిస్టియన్ బడి హాజరు పట్టీలో కూడా ఆ పేర్లే వరసగా పిలిచేవాళ్ళు, పక్కనే రూతు, దానియేలు, మధ్యలో ఖాజా, మెహబూబ్. మాకు అది వింతే కాదు.

1985లో ఇక్కడ రాయచూరు థర్మల్ పవర్ స్టేషన్ మొదటి యూనిట్ నడవడం మొదలుపెట్టింది. దాని పక్కనే శక్తినగర్ కాలనీ. కట్టే రోజుల్లో వెల్డర్లు, ఫిట్టర్లు, కూలీలు అన్ని వైపుల నుంచీ వచ్చారు. మా నాయన అట్లా వచ్చినవాడే. నా స్నేహితురాలి నాయన నది అవతల నుంచి వచ్చాడు, మక్తల్ వైపు పల్లె. మా నాయనకు చేతిలో పని ఉండింది, ఆయనకు చేతులు ఉండినాయి. తేడా అంతే. కానీ ఆ తేడా వల్ల మాది రేకుల కప్పు ఇల్లు, వాళ్ళది గుడిసె.

బడి సంగతి. గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క. పొద్దున కన్నడంలో ప్రార్థన, ఆ తర్వాత వార్తలు, ఒక సామెత. క్రైస్తవ పిల్లలకు బైబిలు పీరియడు ఉంటే, మిగతా మాకు అదే గంటలో నీతి పాఠం. నీతి పాఠంలో ఏం చెప్పారో ఒక్కటీ గుర్తు లేదు, బైబిలు పీరియడు నుంచి వినిపించే పాటలు మాత్రం అన్నీ గుర్తున్నాయి. డిసెంబరులో తరగతి మూలన పశువుల పాక కట్టేవాళ్ళం. గడ్డి మా ఇంటి ఎదురుగా ఎద్దులున్నవాళ్ళ దగ్గర నుంచి, దూది మంచు, నక్షత్రానికి రంగు కాగితం రాయచూరు నుంచి. ఒక సంవత్సరం జ్ఞానుల్లో ఒకడి వేషం మా తరగతి ఖాజాది. వాళ్ళ అమ్మ తన దుపట్టా ఇస్త్రీ చేసి పంపింది.

చదువు కష్టంగానే ఉండేది. అప్పట్లో కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ మొత్తం 625 మార్కులు. మొదటి భాషకు 125, మిగతా ఐదు సబ్జెక్టులకు తలా 100. ఆ మొదటి భాష మీద ఇక్కడ పెద్ద పోరాటమే జరిగింది. గోకాక్ కమిటీ నివేదిక, 1982లో రాజ్‌కుమార్ వీధిలోకి రావడం, ఇదంతా మా సోషల్ మాస్టరు ఉత్సాహంగా చెప్పేవాడు. నేనూ ఉత్సాహంగానే వినేదాన్ని. కన్నడం నాకు వచ్చిన భాష, ఇప్పటికీ లెక్కలు మనసులో కన్నడంలోనే వేస్తాను. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో కన్నడం రాస్తాం, ఇది గాలీ నీళ్ళూ లాగ అనుకున్నాం. తెలుగుకు రాత ఉంటుందని తెలుసు, అది మాది అని మాత్రం తోచలేదు. ఇంట్లో తెలుగు అచ్చు అంటే గోడ మీది క్యాలెండరు ఒకటే.

తెలుగు అక్షరాలు నాకు నేర్పింది ఆ పక్క బెంచీ పిల్ల. హైవే లారీల దుమ్ము తరగతిలోకి వచ్చి పొద్దున బెంచీల మీద సన్నగా పరుచుకొని ఉండేది. ఆ దుమ్ములో వేలితో రాసేది. కన్నడం వచ్చినవాళ్ళకు తెలుగు లిపి సగం వచ్చినట్టే. రెండూ ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి, ఒకప్పటి శాసనాలు చూస్తే ఎవరిది ఏదో చెప్పడం కష్టం. కన్నడంలో తలకట్టు అడ్డగీత లాగ ఉంటుంది, తెలుగులో టిక్కు మార్కు లాగ పైకి లేస్తుంది. దాన్ని మార్చుకుంటే గ, డ, మ, య అన్నీ పలుకుతాయి. పేచీ పెట్టేవి క, త, శ. ముఖ్యంగా "క". దాన్ని నేను వారం రోజులు తప్పు రాశాను.

ఆమెకు ఎట్లా వచ్చు? మేమిద్దరం అదే బడి, అదే కన్నడ మీడియం. మా ఇంట్లో తాత హైస్కూలు చదివినవాడు, వాళ్ళింట్లో అమ్మా నాయనా కూలీలు. అయినా తెలుగు చదవడం ఆమెకు వచ్చు, నాకు రాదు. ఒకరోజు వాళ్ళ గుడిసెకు పోయినప్పుడు చూశాను. రేకు పెట్టెలో గుడ్డలో చుట్టిన రెండు పుస్తకాలు: తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. సాయంత్రం వాళ్ళ నాయన కూర్చొని వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు. పిల్లలు తప్పు దిద్దేవాళ్ళు. కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చేసి ఉంటాయి. వాటిలో ఎన్నో 19వ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి రాసినవి. ఆయన పేరు తెలుగు సాహిత్యం గురించి మాట్లాడేవాళ్ళ నోట నేను పెద్దగా వినలేదు. మా కాలనీ గుడిసెల్లో ఆయన పాటలు నోటికి వచ్చినవాళ్ళు పదిమంది ఉండేవాళ్ళు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరుకు 1840లో వచ్చారు. చాలా ఏళ్ళు ఫలితం లేదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు కూలి ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కూలి కోసం మతం అని కొందరు, నమ్మకం అని కొందరు, ఇప్పటికీ వాదిస్తారు. నాకు అందులో ఆసక్తి లేదు. నాకు కావలసింది ఆ తర్వాతిది. ఊరి బడి గడప తొక్కనివ్వని వాడలోకి పలక వచ్చింది. మిషన్ పల్లె పంతుళ్ళు వాడలోనే, చెట్టు కిందనో పాకలోనో, చదవడం చెప్పారు. చదవవలసిన పుస్తకం వాళ్ళ ఇంటి భాషలోనే ఉంది.

నది అవతల పాలమూరులో ఆ బాప్టిస్టు మిషన్‌ను 1885లో ఎల్బర్ట్ చూట్ పెట్టాడు. 1937లో దాన్ని మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళకు అప్పగించారు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూ, ఉస్మానియా యూనివర్సిటీ కూడా 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. అట్లాంటి చోట వాడల్లో తెలుగు చదివే అలవాటు ఆదివారాల వల్ల నిలబడింది. నా స్నేహితురాలి నాయన కూడబలుక్కున్న అక్షరాలు ఆ దారిన వచ్చినవే అని నా లెక్క.

మరి మా తాత? ఆయనదీ మిషన్ బడే, కానీ వేరే కథ. మా ఊరు ఆలూరు తాలూకా, అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, బళ్ళారి జిల్లా. హైస్కూలు అంటే బళ్ళారి పోవాలి. తాత 1940ల్లో వార్డ్‌లా హైస్కూల్లో చదివాడు. లండన్ మిషన్ వాళ్ళది, 1846లో మొదలైంది, వార్డ్‌లా అనే మిషనరీ పేరు మీద. కొంతకాలం కాలేజీ స్థాయి దాకా కూడా పెరిగింది. బళ్ళారి ఆ కాలంలో రెండు భాషల ఊరు. లండన్ మిషన్ జాన్ హ్యాండ్స్ 1810లో అక్కడికి వచ్చి కన్నడ బైబిలు తయారుచేశాడు. అక్కడ పనిచేసిన విలియం రీవ్ కన్నడ–ఇంగ్లిష్ నిఘంటువు 1832లో వచ్చింది. కన్నడలో మొదటి పత్రిక అని చెప్పే మంగళూరు సమాచార 1843లో మంగళూరులో పుట్టి, మరుసటి ఏడాది బళ్ళారి అచ్చుకూటానికి వచ్చింది. తెలుగు పత్రికల్లో అన్నిటికంటే పాతది అని చాలామంది చెప్పే సత్యదూత, 1835, అదీ బళ్ళారి క్రైస్తవుల పేరు మీదే. రెండు భాషల పత్రికల చరిత్రా ఒకే ఊరి మీదుగా పోతుంది. ఇప్పుడు బళ్ళారి మాది, మీది అని కొట్లాడేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది.

తాత చెప్పేవాడు, భాష పీరియడుకు కన్నడపు పిల్లలు ఒక గదికి, తెలుగు పిల్లలు ఒక గదికి పోయేవాళ్ళు, లెక్కలకు మళ్ళీ ఒకే గదిలో కలిసేవాళ్ళు అని. బైబిలు క్లాసు అందరికీ. విభూతి పెట్టుకుని కూర్చునే మా తాత డెబ్బై ఏళ్ళ వయసులో కూడా కీర్తనల గ్రంథంలో 23వ కీర్తన ఇంగ్లిష్‌లో మొదలు నుంచి చివరి దాకా చెప్పేవాడు. నమ్మకం ఏమీ లేదు. "మార్కులుండె దానికి" అనేవాడు.

సెలవులకు ఇంటికి వస్తే వాళ్ళమ్మ వాకిట్లోనే నీళ్ళు పోసి, బట్టలు మార్పించి, అప్పుడు లోపలికి రానిచ్చేదంట. మిషన్ బడి అంటే ఆ భయం ఊరికే పుట్టలేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒక్కసారిగా బడి ఖాళీ అయిపోయింది, కొన్నాళ్ళకు గానీ పిల్లలు తిరిగి రాలేదు. అప్పటి నోబుల్ బడి పై కులాల పిల్లల కోసం నడిచిన బడి. మిషన్ బడులన్నీ ఒకటి కావు. ఒకటి పట్నంలో ఇంగ్లిష్ చెప్పి ఉద్యోగాలకు పంపింది, ఇంకోటి వాడలో పలక పట్టించింది. మా తాత మొదటి రకం బడి నుంచి వచ్చాడు, నా స్నేహితురాలి ఇల్లు రెండో రకం నుంచి. 2000లో దేవసూగూరులో మేమిద్దరం ఒక బెంచీ మీద కలిశాం.

తాత ఊరు కదలకుండానే రాష్ట్రాలు మారినవాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారి పట్నంతో సహా మిగతావి మైసూరుకు. చదివిన బడి పక్క రాష్ట్రంలో పడింది. "నేను యాడికీ పోలేదు, అదే పోయింది" అని నవ్వేవాడు. తర్వాత ముసలితనంలో కొడుకు వెంట దేవసూగూరు వచ్చి, ఆ మైసూరు రాష్ట్రంలోనే, అప్పటికి పేరు కర్ణాటక, కన్ను మూశాడు. ఆయన ఎస్సెస్సెల్సీ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. అప్పట్లో ఎస్సెస్సెల్సీ అంటే ఒక కాగితం కాదు, చిన్న పుస్తకం. పుట్టుమచ్చలు, తరగతి మార్కులు, హెడ్మాస్టరు సంతకం అన్నీ దాంట్లోనే. దాని వెనక ఖాళీ పేజీల్లో ఆయన తెలుగులో జమా ఖర్చు రాసుకున్నాడు. చాలా ఏళ్ళు అది నాకు బొమ్మల పుస్తకం లాగే ఉండింది. ఆయన బతికి ఉండగా చదివి వినిపించింది ఒక్కసారి, తొమ్మిదో తరగతిలో, బెంచీ మీద నేర్చుకున్న అక్షరాలతో. "కందిబేడలు, ఆరణాలు" అని చదివాను. ఆయన ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ఇంకో పేజీ తిప్పి "ఇది చదువు" అన్నాడు.

రిజిస్టరు చూసిన రోజు సాయంత్రం నాయనను అడిగాను, ఎందుకు కన్నడ అని రాయించినావు అని. ఆయనకు గుర్తే లేదు మొదట. తర్వాత అన్నాడు, "తెలుగు అని రాస్తే రేప్పొద్దున ఉద్యోగానికి అడ్డం పడతాదని మా కాంట్రాక్టులో ఎవడో చెప్పినాడు. పరాయి ఊరు. మీకు తిప్పలు ఉండకూడదని." ఆ మాతృభాష గడి మా ఉద్యోగాలకు ఎక్కడా అడ్డమూ పడలేదు, ఉపయోగమూ పడలేదు. ఎవరూ చూడలేదు. కానీ నాయన భయం నిజమైనది. నేను కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

స్నేహితురాలి నంబరు ఆమె తమ్ముడి దగ్గర దొరికింది, అతను ఇంకా శక్తినగర్‌లోనే ఉన్నాడు. ఆమె ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో నర్సు. పద్దెనిమిదేళ్ళ తర్వాత మాట్లాడుకున్నాం. రిజిస్టరు సంగతి చెప్పి, మీ నాయనకు ఎంత ధైర్యమో చూడు అన్నాను. పడీ పడీ నవ్వింది. "ధైర్యం లేదు ఏం లేదు. మా నాయనకు ఏం రాయాల్నో తెల్వక ఉన్నదే చెప్పిండు. సారు ఏం భాష మాట్లాడ్తరు అంటే తెలుగు అన్నడు, గంతే." వాళ్ళ నాయన పోయి ఆరేళ్ళయిందంట. పుస్తకాలు రెండూ ఆమె దగ్గరే ఉన్నాయి, అదే గుడ్డలో.

మా పాపకు ఈ జూన్‌లో బడి. బెంగళూరులో ఇప్పుడు అప్లికేషన్ అంతా ఆన్‌లైన్. మాతృభాష దగ్గర ఒక లిస్టు వస్తుంది. మా ఆయన హుబ్లీవాడు, ఇంట్లో పాప నాన్నతో కన్నడం, నాతో తెలుగు. రెండూ ఎంచుకోనిస్తుందేమో అని నొక్కి చూశాను. టెస్టింగ్ పని చేసేవాళ్ళకు ఈ బుద్ధి పోదు. ఒకటే తీసుకుంటుంది, రెండోది నొక్కితే మొదటిది పోతుంది. ఇది బగ్గే అని నేను, కాదు రూలే అని మా ఆయన. చివరికి ఆయనే "మాతృభాష అంటే అమ్మ భాష కదా, నీదే పెట్టు" అన్నాడు. తెలుగు పెట్టాను. కింద ఇంట్లో మాట్లాడే ఇతర భాషలు అని ఇంకో గడి ఉంది, దాంట్లో కన్నడ.

పాపకు ఇప్పుడు రెండు లిపులూ కలిపి నేర్పుతున్నాను, పలక మీద. "క" దగ్గరే ఆగింది.

ఆలూరు, ఆదోని, రాయదుర్గం వైపు నుంచి బళ్ళారికి పోయి చదివిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, లేకపోతే వాళ్ళ పాత ఎస్సెస్సెల్సీ పుస్తకాలు ఉంటే, ఫోటో తీసి పంపండి. వెనక ఖాళీ పేజీలు కూడా తీయండి.